కాలి బొటనవేలే పట్టిచ్చే జబ్బు.. కండలు ఎముకలుగా మారే ఎఫ్‌ఓపీని ఎలా గుర్తిస్తారు? ముక్క పరీక్ష ఎందుకు చేయకూడదు?

నాలుగేళ్ల బాబు ఆడుకుంటూ మంచం మీద నుంచి కింద పడ్డాడనుకుందాం. రెండు రోజుల్లో వీపు మీద కోడిగుడ్డంత వాపు తేలింది. ముట్టుకుంటే వేడిగా ఉంది, నొప్పితో బాబు ఏడుస్తున్నాడు. దెబ్బ తగిలింది కదా, అదే తగ్గుతుందిలే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. వారం దాటినా తగ్గలేదు. పైగా మెడ దగ్గర ఇంకో వాపు వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్తే స్కాన్ చేశారు. గడ్డలా ఉంది, క్యాన్సరేమో చూడాలి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం అన్నారు.

ముక్క తీశారు. పది రోజులు తిరిగేసరికి ఆ చోట వాపు రెట్టింపు అయింది. కొన్ని నెలలకు అది రాయిలా గట్టిపడింది. ఎక్స్‌రే తీస్తే అక్కడ కండ లేదు.. ఎముక ఉంది! బాబు ఇక ఆ చెయ్యి పైకి ఎత్తలేడు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ప్రపంచవ్యాప్తంగా ఎన్నో కుటుంబాల్లో దాదాపు ఇదే జరిగింది. బాధ కలిగించే విషయం ఏంటంటే.. జబ్బేంటో చెప్పే గుర్తు ఆ పిల్లల ఒంటి మీద పుట్టిన రోజు నుంచే ఉంది. అది వీపు మీద కాదు, పాదాల్లో. వీపు మీద గడ్డను చూసినవాళ్లు కాలి బొటనవేళ్లను కూడా ఒక్కసారి చూసి ఉంటే ఆ ముక్క పరీక్ష జరిగేదే కాదు.

ఆ జబ్బు పేరు ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా. పేరు నోరు తిరగదు కాబట్టి డాక్టర్లు కూడా ఎఫ్‌ఓపీ అనే పిలుస్తారు. దీన్ని ఎలా గుర్తించాలి, ఎందుకు పొరబడుతున్నారు, అనుమానం వస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు.. ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

అసలేంటీ ఎఫ్‌ఓపీ?

మన ఒంట్లో ఎముకలు ఉండాల్సిన చోట ఎముకలు ఉంటాయి. వాటి చుట్టూ కండరాలు, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు, ఎముకను ఎముకతో కలిపి కట్టే బంధకాలు ఉంటాయి. కీలు వంగాలన్నా, తిరగాలన్నా దాని చుట్టూ ఉండే ఈ మెత్తటి భాగాలే ఆధారం. ఎఫ్‌ఓపీలో ఈ మెత్తటి భాగాలే కొంచెం కొంచెంగా ఎముకగా మారిపోతాయి. కీలుకు అటూ ఇటూ కొత్త ఎముక వంతెనలా పెరిగి దాన్ని బిగించేస్తుంది. ఒకసారి బిగుసుకున్న కీలు మళ్లీ కదలదు.

అలా పుట్టే ఎముక నాసిరకందేమీ కాదు. లోపల మూలుగతో సహా మామూలు ఎముకలాగే ఉంటుంది. తప్పల్లా అది పుట్టిన చోటే. అందుకే కొందరు దీన్ని 'రెండో అస్థిపంజరం' అని కూడా అంటారు.

ఇది చాలా అరుదు. 10 నుంచి 20 లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆడా మగా తేడా లేదు, ఏ జాతి, ఏ ప్రాంతం అన్న తేడా కూడా లేదు. ఈ లెక్కన చూస్తే 2011 జనాభా లెక్కల్లో సుమారు 8.46 కోట్ల మంది ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 40 నుంచి 80 మందికి ఈ జబ్బు ఉండే అవకాశం ఉంది. ఇది కేవలం లెక్క మాత్రమే. కానీ ఒక డాక్టర్ తన సర్వీసు మొత్తంలో ఒక్క కేసు కూడా చూడకపోవచ్చని దీన్నిబట్టే అర్థమవుతుంది. గుర్తించడంలో పొరపాట్లకు మొదటి కారణం అదే.

జబ్బు మాత్రం కొత్తది కాదు. కట్టెలా బిగుసుకుపోయిన ఒక మహిళ గురించి 17వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ వైద్యుడు గై పటాన్ ఓ లేఖలో రాశారు. ఒకప్పుడు దీన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా అనేవారు, అంటే కండరాల జబ్బు అని. స్నాయువులు, బంధకాలు కూడా ఎముకగా మారుతున్నాయని తేలాక పేరు మార్చారు.

ఒంట్లో జరిగేది ఏంటి?

కారణం ఒక జన్యువులో ఉంది. దాని పేరు ఏసీవీఆర్1. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఫ్రెడరిక్ కప్లాన్, ఐలీన్ షోర్ బృందం 2006 ఏప్రిల్‌లో దీన్ని కనిపెట్టింది. అందుకే ఏటా ఏప్రిల్ 23న ఎఫ్‌ఓపీ అవగాహన దినం జరుపుతారు.

ఎముక ఎప్పుడు, ఎక్కడ పెరగాలో చెప్పే సంకేతాలను అందుకునే గ్రాహకం ఒకటి కణాల మీద ఉంటుంది. దాన్ని తయారుచేసేది ఈ జన్యువే. తలుపుకు తాళం లాంటిదనుకోండి. సరైన తాళంచెవి వస్తేనే తెరుచుకోవాలి. ఎఫ్‌ఓపీ ఉన్నవాళ్లలో ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిపోయి ఉంటుంది. దాంతో తాళం వదులైపోతుంది. మామూలుగా ఆ తలుపు తీయకూడని ఆక్టివిన్-ఏ అనే పదార్థం తగిలినా తెరుచుకుంటుంది. దెబ్బ తగిలిన చోట గాయం మానాల్సింది పోయి, అక్కడ మొదట మృదులాస్థి, తర్వాత దాని స్థానంలో ఎముక పుడుతుంది.

మామూలు ఎఫ్‌ఓపీ ఉన్నవాళ్లలో దాదాపు అందరిలోనూ ఇదే ఒక్క మార్పు కనిపిస్తుంది. ఇన్ని వేల జన్యువులున్న మనిషిలో, ఇంత పెద్ద జబ్బుకు ఒకే చోట ఒకే మార్పు కారణం కావడం రోగ నిర్ధారణకు పెద్ద సాయం. ఎక్కడ వెతకాలో ముందే తెలుసు కదా!

మరి తల్లిదండ్రుల నుంచి వస్తుందా? ఎఫ్‌ఓపీ ఉన్న వ్యక్తికి పుట్టే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం ఉంటుంది. కానీ ఎక్కువ కేసుల్లో తల్లికీ ఉండదు, తండ్రికీ ఉండదు. బిడ్డలోనే కొత్తగా ఆ మార్పు వస్తుంది. మేనరికం వల్లనో, గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఏదో తినడం వల్లనో వచ్చేది కాదిది. ఎవరి తప్పూ కాదు.

మొదటి గుర్తు.. బొటనవేలు

ఎఫ్‌ఓపీతో పుట్టిన బిడ్డ చూడటానికి మామూలుగానే ఉంటుంది. ఒక్క తేడా మాత్రం పుట్టుకతోనే కనిపిస్తుంది. రెండు కాళ్ల బొటనవేళ్లూ పొట్టిగా ఉండి, పక్క వేళ్ల వైపు వంగి ఉంటాయి. చాలామందిలో వేలి మధ్యలో ఉండాల్సిన కీలు ఉండదు, దాంతో వేలు సరిగా వంగదు. ఎక్స్‌రే తీస్తే బొటనవేలి మొదటి ఎముక ఆకారం తేడాగా కనిపిస్తుంది.

పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఇరుకు చెప్పులు వేసుకునేవాళ్లలో బొటనవేలు పక్కకు తిరగడం మామూలే. అది వయసుతో వచ్చేది. అప్పుడే పుట్టిన బిడ్డ ఎప్పుడూ చెప్పులు వేసుకోలేదు కదా! పుట్టుకతోనే రెండు కాళ్లకూ ఒకేలా ఈ తేడా ఉంటే మాత్రం దానికి కారణం వెతకాలి.

ఇక్కడే అసలు చిక్కు. కాన్పు అయిన వెంటనే బిడ్డ వేళ్లు లెక్కపెడతాం. అయిదూ ఉన్నాయా, అతుక్కున్నాయా అని చూస్తాం. బొటనవేలు కాస్త వంకరగా ఉంటే 'మేనమామ పోలిక' అనో, 'పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది' అనో వదిలేస్తాం. కొందరు వేలిని సరిచేయడానికి ఆపరేషన్ కూడా చేయిస్తారు. వేలు వంకర అన్నంతవరకే ఆలోచిస్తారు తప్ప, అది ఇంకోదానికి గుర్తు అన్న ఆలోచన రాదు.

అలాగని బొటనవేలు వంకరగా ఉన్న ప్రతి బిడ్డకూ ఎఫ్‌ఓపీ ఉన్నట్టు కాదు. వేలి తేడాకు వేరే కారణాలు చాలా ఉంటాయి, అందులో ఎక్కువ ప్రమాదం లేనివే. అలాగే ఎఫ్‌ఓపీలోనే అరుదైన రకాలు ఉన్న కొద్దిమందిలో వేళ్లు మామూలుగా ఉండొచ్చు. కానీ వేలి తేడా, ఒంటి మీద వచ్చిపోయే వాపులు.. ఈ రెండూ ఒకే బిడ్డలో ఉంటే మాత్రం ముందు ఎఫ్‌ఓపీ గురించే ఆలోచించాలి.

చూడాల్సిన మిగతా గుర్తులు ఇవే

బొటనవేలితో పాటు మరికొన్ని చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. అన్నీ అందరిలో ఉండవు.

* మెడ బిగుసుగా ఉండటం. మెడ ఎముకల వెనక కీళ్లు పుట్టుకతోనే కలిసిపోయి ఉండటం దీనికి కారణం. అందుకే ఈ పిల్లల్లో చాలామంది మామూలుగా పాకరు. మెడ ఎత్తలేక, కూర్చుని పిరుదుల మీద జరుగుతూ వెళ్తారు.
* కొందరిలో చేతి బొటనవేళ్లు కూడా పొట్టిగా ఉండటం.
* మోకాలి కింద లోపలి వైపు ఎముక మీద చిన్న బొడిపెలు.
* కొందరిలో వినికిడి తగ్గడం.
* పసిపిల్లల్లో తల మీద ఉన్నట్టుండి బొప్పిలాంటి వాపులు తేలడం.

చదువు, తెలివితేటల విషయంలో మాత్రం ఈ జబ్బు ఏ లోటూ చేయదు. ఒళ్లు బిగుసుకుపోతుంది కానీ బుద్ధి చురుగ్గానే ఉంటుంది.

వాపుల తీరు ఎలా ఉంటుంది?

చాలామందిలో పదేళ్లలోపే మొదటి వాపు వస్తుంది. గంటల్లోనే పెరగొచ్చు. ఎర్రగా, వేడిగా, నొక్కితే రబ్బరులా ఉంటుంది. నొప్పి పెడుతుంది. డాక్టర్లు దీన్ని ఫ్లేరప్ అంటారు. కొన్ని వారాల నుంచి నెలల వరకు ఉండొచ్చు. కొన్ని వాపులు వాటంతటవే పోతాయి. చాలా వాటి చోట మాత్రం ఎముక మిగులుతుంది. కొన్నిసార్లు వాపు ఏమీ కనిపించకుండానే కీలు బిగుసుకుపోవడం కూడా ఉంది.

దీనికి ఒక వరుస ఉంటుంది. మొదట మెడ, వీపు, భుజాలు. తర్వాత మోచేతులు, నడుము, తుంటి, మోకాళ్లు. పై నుంచి కిందికి, వెనక నుంచి ముందుకు. దవడ కూడా బిగుసుకుపోవచ్చు. నాలుక, కంటి కండరాలు, ఊపిరికి ఆధారమైన డయాఫ్రమ్, గుండె కండరం.. వీటి జోలికి మాత్రం ఎఫ్‌ఓపీ పోదు.

ఎందుకు వస్తాయంటే.. కింద పడటం, దెబ్బ తగలడం, కండలోకి వేసే ఇంజెక్షన్, ఆపరేషన్, ఫ్లూ లాంటి వైరల్ జ్వరాలు, కండ బాగా అలసిపోవడం. కొన్నిసార్లు ఏ కారణం లేకుండానే వస్తాయి.

మన దగ్గర గమనించాల్సిన విషయం ఒకటుంది. పిల్లలకు తొడలో వేసే టీకా తర్వాత చిన్న గడ్డ కట్టడం చాలా ఇళ్లలో చూసేదే. మామూలు పిల్లల్లో అది కొద్ది రోజుల్లో కరిగిపోతుంది, కంగారు పడాల్సిన పనిలేదు. కానీ గడ్డ కరగకుండా పెరుగుతూ పోయి, గట్టిపడి, కాలు చాపడం కష్టమైతే.. పైగా బొటనవేళ్లు కూడా తేడాగా ఉంటే 'సూది పడలేదు' అనుకుని వదిలేయకూడదు.

ఎందుకు పొరబడుతున్నారు?

ఈ పొరపాట్ల మీద 2005లో ఒక అంతర్జాతీయ సర్వే వెలువడింది. పలు దేశాలకు చెందిన 138 మంది ఎఫ్‌ఓపీ రోగుల వివరాలు సేకరించారు. అందులో తేలినవి చూస్తే గుండె బరువెక్కుతుంది.

* 87 శాతం మందికి మొదట వేరే జబ్బు అని చెప్పారు.
* లక్షణాలు మొదలయ్యాక అసలు జబ్బు తేలడానికి సగటున 4.1 ఏళ్లు పట్టింది.
* 32 శాతం మందికి క్యాన్సర్ అన్నారు.
* 67 శాతం మందికి అవసరం లేని ముక్క పరీక్షలు, కోతలు జరిగాయి.
* 49 శాతం మంది ఈ వైద్యం వల్లే శాశ్వతంగా కొంత కదలిక కోల్పోయామని చెప్పారు.

చివరి అంకె మరోసారి చదవండి. దాదాపు సగం మందికి నష్టం చేసింది జబ్బు ఒక్కటే కాదు, జబ్బును కనిపెట్టడానికి చేసిన పని కూడా.

ఇందులో డాక్టర్లది నిర్లక్ష్యం అని తేల్చేయడం సరికాదు. చిన్నపిల్లాడి ఒంట్లో వేగంగా పెరిగే గడ్డ కనిపిస్తే క్యాన్సరేమో అని భయపడటం బాధ్యతే. ముక్క తీసి చూడటం మిగతా గడ్డల విషయంలో సరైన పద్ధతే. పైగా ఎఫ్‌ఓపీ గడ్డ తొలి రోజుల్లో మైక్రోస్కోప్ కింద పెట్టినా మోసం చేస్తుంది. వేగంగా పెరిగే కణాలు కనిపించడంతో ఫైబ్రోమాటోసిస్ అనో, సార్కోమా అనో రిపోర్టు రావొచ్చు. ఆ రిపోర్టు చూసి కీమోథెరపీ, రేడియేషన్ వరకు వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. మొదట్లో ఎక్స్‌రేలో కూడా ఎముక కనపడదు. గడ్డలో ఎంత వెతికినా దొరకని సమాధానం పాదాల్లో దొరుకుతుంది.

ముక్క పరీక్ష ఎందుకు వద్దు?

ముక్క తీయడం అంటే కండను కోయడం. ఎఫ్‌ఓపీ ఉన్న శరీరానికి కోత అంటే కొత్త ఎముక కట్టమని ఇచ్చిన ఆర్డర్. కోసిన చోట వాపు మళ్లీ లేస్తుంది, ముందున్నదానికంటే ఎక్కువ ఎముక పుడుతుంది.

పెరిగిన ఎముకను ఆపరేషన్ చేసి తీసేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. అదీ కుదరదు. తీసిన చోట మళ్లీ పెరుగుతుంది. బిగుసుకున్న కీలును బలవంతంగా లాగడం, వంచడం, గట్టిగా మర్దన చేయడం కూడా ప్రమాదమే. మెడ పట్టేసిందనో, చెయ్యి లేవడం లేదనో పిల్లలను పసరు కట్లు కట్టేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. మిగతా జబ్బుల సంగతి ఎలా ఉన్నా.. ఎఫ్‌ఓపీ ఉన్న బిడ్డకు అలా లాగి సరిచేయడం వల్ల ఉన్న కదలిక కూడా పోతుంది.

పంటి వైద్యం దగ్గర కూడా జాగ్రత్త ఉండాలి. కింది పన్ను తీయడానికి దవడ లోపలి కండలోకి మత్తు ఇంజెక్షన్ ఇస్తే దవడ బిగుసుకుపోవచ్చు. నోరు తెరుచుకోకపోతే తినడం, మాట్లాడటం, పళ్లు తోముకోవడం అన్నీ కష్టమే.

హ్యారీ ఈస్ట్‌లాక్ కథ

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మూటర్ మ్యూజియం అనే వైద్య మ్యూజియం ఉంది. అక్కడ ఒక అస్థిపంజరం నిలబెట్టి ఉంటుంది. మామూలుగా మ్యూజియంలో పెట్టే అస్థిపంజరాన్ని తీగలతో కట్టకపోతే ఎముకలన్నీ విడివిడిగా పడిపోతాయి. దీన్ని మాత్రం అలా కట్టాల్సిన అవసరం పెద్దగా రాలేదు. అదనపు ఎముకలే దాన్ని ఒకటిగా పట్టి ఉంచాయి.

అది హ్యారీ ఈస్ట్‌లాక్‌ది. 1933లో పుట్టారు. చిన్నతనంలో ప్రమాదంలో కాలు విరిగింది. అది సరిగా అతకలేదు. తర్వాత తుంటి, మోకాలు బిగుసుకుపోవడం మొదలైంది. కొత్తగా పెరిగిన ఎముకను తీయడానికి ఆపరేషన్లు చేశారు, తీసిన కొద్దీ ఇంకా గట్టిగా పెరిగింది. చివరికి పెదవులు మాత్రమే కదిలేవి. 40వ పుట్టినరోజుకు కొన్ని రోజుల ముందు, 1973 నవంబర్‌లో న్యుమోనియాతో చనిపోయారు. తన జబ్బు గురించి డాక్టర్లు తెలుసుకోవాలని అస్థిపంజరాన్ని పరిశోధనకు ఇవ్వమని ఆయనే కోరారు. నేటికీ ఎఫ్‌ఓపీ అంటే ఏంటో డాక్టర్లు, విద్యార్థులు ఆ అస్థిపంజరం ముందు నిలబడి నేర్చుకుంటున్నారు.

మరి ఎలా నిర్ధారిస్తారు?

ఇంత పెద్ద జబ్బుకు పరీక్షలు మాత్రం చాలా తేలిక. కత్తి పెట్టాల్సిన పనే లేదు.

మొదటిది, కళ్లతో చూడటం. ఒంటి మీద వాపుతో వచ్చిన బిడ్డ చెప్పులు, సాక్సులు విప్పించి రెండు పాదాలు చూడాలి. మెడ అటూ ఇటూ తిరుగుతుందా, చేతులు పైకి లేస్తున్నాయా చూడాలి. గతంలో ఇలాంటి వాపులు వచ్చిపోయాయా అని తల్లిని అడగాలి.

రెండోది, ఎక్స్‌రే. పాదాలకు, మెడకు మామూలు ఎక్స్‌రే చాలు. వేలి ఎముకల్లో, మెడ కీళ్లలో పుట్టుకతో వచ్చిన తేడాలు అందులో తెలుస్తాయి. పాత వాపుల చోట ఎముక కట్టి ఉంటే అదీ కనిపిస్తుంది.

మూడోది, జన్యు పరీక్ష. కొద్దిగా రక్తం లేదా లాలాజలం తీసుకుని ఏసీవీఆర్1 జన్యువులో మార్పు ఉందో లేదో చూస్తారు. ఉంటే ఎఫ్‌ఓపీ ఖాయం. చేతి నరం నుంచి జాగ్రత్తగా రక్తం తీయడం వల్ల ఇబ్బంది ఉండదు, కండలోకి సూది దిగకూడదంతే. వాపులు మొదలవక ముందే, వేలి తేడా ఒక్కటే ఉన్నప్పుడు కూడా ఈ పరీక్షతో తేల్చుకోవచ్చు.

ఎఫ్‌ఓపీలా కనిపించే వేరే సమస్యలూ ఉన్నాయి. గట్టి దెబ్బ తగిలిన ఒక్క చోట మాత్రమే కండలో ఎముక కట్టడం ఒకటి. దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు, అది ఒంటి నిండా పాకదు. తలకు, వెన్నుకు పెద్ద గాయమైనప్పుడు, తుంటి ఆపరేషన్ తర్వాత కూడా కీళ్ల చుట్టూ ఎముక పెరగొచ్చు. ప్రోగ్రెసివ్ ఆసియస్ హెటెరోప్లేసియా అనే మరో అరుదైన జబ్బులో ఎముక కట్టడం చర్మం నుంచి మొదలై లోపలికి వెళ్తుంది. వీటిలో వేటిలోనూ ఎఫ్‌ఓపీలో ఉండే బొటనవేలి తేడా ఉండదు. అందుకే ఆ వేలికి అంత విలువ.

జబ్బు తేలాక ఏం చేస్తారు?

నిజం చెప్పాలంటే పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. మరి ముందుగా తెలిసి లాభమేంటి అనిపించొచ్చు. లాభం చాలా ఉంది. జరగబోయే నష్టంలో ఆపగలిగిన భాగాన్ని ఆపొచ్చు.

పెద్ద కీళ్ల దగ్గర కొత్తగా వాపు వచ్చినప్పుడు వెంటనే, వీలైతే 24 గంటల్లోపు, డాక్టర్ సలహాతో కొద్ది రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. వాపు, నొప్పి తగ్గడానికి అది సాయం చేస్తుంది. పాలోవరోటిన్ అనే మందుకు కెనడాలో 2022లో, అమెరికాలో 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది. కొత్త ఎముక పెరుగుదలను అది తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. ఎదిగే పిల్లల్లో ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి అమెరికాలో ఆడపిల్లలకు 8 ఏళ్లు, మగపిల్లలకు 10 ఏళ్లు దాటాకే ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది కాబట్టి గర్భిణులు వాడకూడదు. వేరే మందుల మీద కూడా పరిశోధనలు సాగుతున్నాయి.

టీకాల సంగతి చాలామంది తల్లులు అడిగేదే. పోలియో చుక్కలు నోట్లో వేసేవి. ఎంఆర్ టీకా చర్మం కింద ఇచ్చేది. పెంటావాలెంట్, డీపీటీ కండలోకి ఇచ్చేవి. ఎఫ్‌ఓపీ తేలిన బిడ్డకు కండలోకి ఇచ్చేవి వద్దంటారు. ఏది ఏ పద్ధతిలో, ఎప్పుడు ఇవ్వాలో డాక్టర్ నిర్ణయిస్తారు. ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్పాలి. జబ్బు లేని పిల్లలకు టీకాలు మానేయడానికి ఈ కథనం కారణం కాకూడదు. టీకా ఎఫ్‌ఓపీని తెచ్చిపెట్టదు. అది పుట్టుకతో వచ్చేది.

ఇంట్లో జాగ్రత్తలు ఎక్కువగా పడిపోకుండా చూసుకునేవే. జారని నేల, మెట్లకు పట్టుకునే కడ్డీ, స్కూల్లో టీచర్‌కు ముందే చెప్పి ఉంచడం. ఇంట్లోవాళ్లందరూ ఫ్లూ రాకుండా జాగ్రత్త పడటం. పళ్లు పుచ్చకుండా చిన్నప్పటి నుంచే శ్రద్ధ పెట్టడం. ఛాతీ ఎముకలు బిగుసుకుపోతే ఊపిరితిత్తులు సరిగా వ్యాకోచించవు, పెద్దయ్యాక ప్రాణం మీదకు తెచ్చేది ఎక్కువగా అదే. అందుకే ఊపిరి పరీక్షలు తరచూ చేయిస్తారు. జేబులో 'నాకు ఎఫ్‌ఓపీ ఉంది, కండలోకి ఇంజెక్షన్ వద్దు' అని రాసిన కార్డు ఉంటే అత్యవసర వేళ ఎంతో మేలు చేస్తుంది.

మన దగ్గర ఎక్కడికి వెళ్లాలి?

అనుమానం వస్తే ముందు పిల్లల డాక్టర్‌కే చూపించాలి. అక్కడి నుంచి జన్యు వైద్య విభాగానికి పంపమని అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. దాని కింద ఎంపిక చేసిన ప్రత్యేక కేంద్రాల్లో హైదరాబాద్‌లోని నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒకటి. రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి దగ్గర్లో ఉన్నది అదే.

వాపు మీద కత్తి పెట్టడానికి ముందు డాక్టర్‌ను ఈ మూడు ప్రశ్నలు అడగండి. అడగడంలో తప్పేం లేదు.

1. సార్, మా బిడ్డ కాలి బొటనవేళ్లు ఒకసారి చూస్తారా? పుట్టినప్పటి నుంచి ఇలాగే ఉన్నాయి.
2. ఇది ఎఫ్‌ఓపీ అయ్యే అవకాశం ఉందా?
3. ముక్క పరీక్ష కంటే ముందు పాదాల ఎక్స్‌రే, రక్తంతో జన్యు పరీక్ష చేయించొచ్చా?

వేళ్లు మామూలుగా ఉండి, డాక్టర్ అన్నీ చూసి ముక్క పరీక్ష అవసరమే అంటే భయపడి ఆపేయకండి. క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు ఆలస్యం చేయడమూ ప్రమాదమే. మనం అడిగేది ముందు పాదాలు చూడమని మాత్రమే.

ఆ చూపుకు పట్టేది అర నిమిషం. రూపాయి ఖర్చు లేదు. ఎఫ్‌ఓపీ ఉన్న బిడ్డ విషయంలో మాత్రం.. ఆ అర నిమిషమే చెయ్యి ఎత్తగలగడానికి, ఎత్తలేకపోవడానికి మధ్య తేడా కావొచ్చు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇవాళ స్నానం చేయించేటప్పుడు ఆ చిట్టి పాదాలు ఒకసారి గమనించండి. తేడా ఏమీ లేకపోతే సంతోషం. ఉంటే డాక్టర్‌కు చూపించండి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉన్నప్పుడు డాక్టర్‌ను సంప్రదించాకే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి.)